బంతి కిందికి దిగేలోపు

సీజన్, 81వ రోజు

ఈ వారం గాలి జల్లెడలు దులిపే వంతు నాది. చంద్రుడి దుమ్ము మహా మొండిది. ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఉండిపోయి అన్నంలోకి వచ్చి కరకరలాడుతుంది. యాభై ఒక్కేళ్ళ వయసులో నిచ్చెనెక్కి జల్లెడ దులపడం నాకేం సరదా కాదు. కానీ ఇక్కడ పెద్దా చిన్నా తేడా లేదు, గాలి పీల్చే ప్రతివాళ్ళూ దులపాల్సిందే.

దులిపొచ్చి నా గదిలో కూర్చున్నాను. నా ఉద్యోగం గుర్తులు పెట్టడం. నిన్న జరిగిన బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ని తెరమీద ఆపుకుంటూ చూసి, కోర్టులో ఉన్న పదిమందిలో ఎవరు ఏ క్షణాన ఏం చేశారో గుర్తు వేస్తాను. పాస్, షాట్, అడ్డు, తప్పు, ఖాళీ. ఉన్నవి ఆ అయిదే. ఆ గుర్తుల్ని పంతులు మింగుతాడు. పంతులంటే మనిషి కాదు, గోడలో ఉన్న యంత్రం. ఆటగాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది. సీజన్ చివర, 112వ రోజున, ఎవరికి ఎంత ఆట తెలివి ఉందో అంకెలు వేసి జాబితా చదువుతాడు.

కింద, అంటే భూమ్మీద, పొడుగువాడికి, ఎగిరేవాడికి విలువ. ఇక్కడ నడుంనొప్పి ఉన్న నేను కూడా పదిహేనడుగుల రింగుని అందుకోగలను. ఎగరడం గొప్పేం కాదు. ఎగిరినవాడు దాదాపు నాలుగు సెకన్లు గాల్లోనే ఉండిపోతాడు, మధ్యలో మనసు మార్చుకుందామంటే కుదరదు. నేల వదలకముందే అంతా ఆలోచించుకోవాలి. అందుకే మా దగ్గర ఎవరు గొప్ప ఆటగాడు అని అడగరు, ఎవరికి ఆట తెలివి ఎక్కువ అని అడుగుతారు.

ఈ ఏడు ఒక చిక్కొచ్చింది. ఆటగాళ్ళ పోస్టులు పది. కిందటి ఓడలో చామంతి అని ఒక అమ్మాయి వచ్చింది, దాంతో పదకొండు మంది అయ్యారు. లెక్కలో పదకొండో పేరు ఎవరిదైతే వాళ్ళకి జాబితాలో చోటుండదు, వచ్చే ఓడలో కిందికి దిగిపోవాలి. పోస్టు లేని మనిషికి ఇక్కడ గాలి ఇవ్వరు.

ఇవాళ్టి లెక్క ప్రకారం పదకొండో పేరు పోలమ్మది.

సీజన్, 82వ రోజు

పోలమ్మ గురించి రాయాలి. రాయకుండా ఎన్నాళ్ళని దాటేస్తాను?

ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. గజపతినగరం దగ్గర బడిలో ఆటల టీచరుగా చేసి, ఆరేళ్ళ క్రితం పైకొచ్చింది. మూడేళ్ళుగా మధ్యాహ్నం నా గదిలోనే భోంచేస్తుంది. ఆమె మెంతికూర పప్పు తెస్తుంది, నేను నా కుండీలో కొత్తిమీర తుంచి వేస్తాను. ఆమె తిట్టే తిట్లకీ, నేను పడే మాటలకీ ఆ గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ గంట కోసమే నేను మిగతా రోజంతా పని చేస్తున్నానని నాకెప్పుడో తెలుసు. ఆమెకి చెప్పలేదు.

నేను వచ్చి పద్నాలుగేళ్ళయింది. పదేళ్ళు దాటినవాళ్ళు దిగడానికి లేదు. “మీరు కిందికెళ్తే మీ గుండె మీకు ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వదు” అని డాక్టరమ్మ పోయినేడే చెప్పేసింది. అంటే పోలమ్మ ఓడ ఎక్కితే ఇక ఆమెని చూడటం తెరమీదే.

ఇవాళ అన్నం తింటూ, “లెక్క చూశావా?” అన్నాను.

“సూసినాను. పదకొండు” అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. “దానికంత మొగం ఏలాడేసుకుంటారేటి? కింద బడి ఉంది, పిల్లలున్నారు. నా ఈలా, నా బంతీ. ఏటి బాదా?”

“బాధే మరి” అన్నాను.

ఒక్క క్షణం నా వంక చూసింది. “పప్పు సల్లారిపోతంది, తినండి బాబూ” అంది.

సీజన్, 86వ రోజు

చామంతికి ఇరవై రెండేళ్ళు. పార్వతీపురం పిల్ల. అంకెల్లో పదో స్థానంలో ఉంది. ఆ పిల్లని చూస్తే కోపం తెచ్చుకుందామని ఉంటుంది గానీ రాదు. ఎదురుపడితే చాలు, “మావయ్యా, ఒక్క కొత్తిమీర రెమ్మ ఇద్దూ, వాసన సూసి ఇచ్చేస్తాను” అంటుంది.

ఇవాళ వాసన చూడటానికి వచ్చి, నేను ఆపి ఉంచిన తెర చూసింది. మూడో భాగంలో తను వేసిన షాట్ అది. సూరన్న పాస్ ఇచ్చాడు, ఈ పిల్ల ఎగిరింది, బంతి పడింది. సూరన్న జాబితాలో ఎప్పుడూ మొదటివాడు. కళ్ళు మూసుకుని ఇచ్చినా అతని పాస్ సరైన చేతిలో పడుతుంది.

“బాగా ఎగిరావు” అన్నాను. “ఆ దారి అలా తెరుచుకుంటుందని నీకెలా తెలిసింది?”

“నాకెలా తెలుస్తాది మావయ్యా? అక్క ఎడమేపు ఎల్లింది కదా. పోలమ్మక్క ఎడమేపు ఎల్తే నాను కుడేపు ఎగరాల. అంతే. సూరన్న బావ కూడా అక్కని సూసే ఇస్తాడు.”

“పోలమ్మ ఏం చేసింది అక్కడ? బంతే ముట్టుకోలేదు.”

“అదే మరి!” అని నవ్వి, రెమ్మ తిరిగి ఇవ్వకుండానే పోయింది.

వెనక్కి తిప్పి చూశాను. సూరన్న చేతిలో బంతి ఉండగా పోలమ్మ ఎడమవైపు రెండడుగులు నడిచి, బూటు తాడు చూసుకుంటోంది. ఆమెకి పాస్ వస్తుందేమోనని ఎదుటివాళ్ళిద్దరు అటు జరిగారు. కుడివైపు బండి పట్టేంత దారి ఏర్పడింది. ఆ దారిలోంచే చామంతి ఎగిరింది. నేను నిన్న వేసిన గుర్తులు కిందే ఉన్నాయి. సూరన్న పాస్. చామంతి షాట్. పోలమ్మ ఖాళీ.

సీజన్, 89వ రోజు

మూడు రోజులు పాత మ్యాచ్‌లు తవ్వాను. ఆరు సీజన్లు. జల్లెడల వంతు ఇంకొకరికి మార్పించుకుని మరీ చూశాను.

పోలమ్మ పేరు మీద నేను ముప్ఫై ఒక్క వేల ఖాళీలు వేశాను. వాటిలో తీసి తీసి నాలుగు వందలు చూస్తే, మూడు వందల పైచిలుకు ఖాళీలు కావు. ఆమె ఒక చోట నిలబడుతుంది, నాలుగు సెకన్ల తరవాత ఇంకోచోట ఎవరో ఒకరు పాయింటు వేస్తారు.

ఎందుకిలా జరిగిందో నాకు తెలుసు. ఇక్కడికి వచ్చిన మొదటి వారం, ఒళ్ళు ఇంకా కుదుటపడక వాంతులవుతుంటే, ఒక కాగితం మీద నాకోసం నేనే రాసుకున్న నియమం: బంతీ లేదు, పరుగూ లేదు, ఖాళీ. పని తేలికవుతుందని రాసుకున్నాను. పద్నాలుగేళ్ళుగా అదే పట్టుకు వేలాడాను. యంత్రం తప్పు చేస్తే యంత్రాన్ని తిట్టుకోవచ్చు. పంతులికి అక్షరాలు దిద్దించినవాణ్ణి నేనే. చూడటమే నా ఉద్యోగం అనుకున్నవాడికి, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి ఏం చేస్తోందో కనపడలేదు. సిగ్గుగా ఉంది.

కానీ ఇంకో అనుమానం కూడా ఉంది. ఆమె కావాలని నిలబడుతోందా, నడుం నొచ్చి నిలబడితే కలిసొస్తోందా? నాకు ఆమె మీద ఉన్న ఇష్టం నా కళ్ళకి పొరలా అడ్డం పడకూడదు.

సీజన్, 90వ రోజు

మధ్యాహ్నం అన్నాలయ్యాక పళ్ళెంలో చింతగింజలు మిగిలాయి. కడిగి పది గింజలు తీసి ఆమె ముందు పెట్టాను. బల్ల మీద సుద్దతో కోర్టు గీశాను. తెరమీద ఆమె ఆడని మ్యాచ్ ఒకటి పెట్టి, బంతి చేయి వదిలిన క్షణాన ఆపేశాను.

“ఈ బంతి కిందికి దిగేసరికి పదిమందీ ఎక్కడుంటారో గింజలు పెట్టు.”

“ఇదేటాట, అష్టాచెమ్మా?” అంది గానీ, చేయి తుడుచుకుని పెట్టేసింది. పప్పులో ఉప్పు వేసినంత తేలిగ్గా పెట్టింది. మ్యాచ్ కదిలించాను. పదికి పదీ. చూపుడువేలంత దూరం తేడా ఉన్నవి రెండో మూడో, అంతే.

ఇంకోటి పెట్టాను. పదికి పది. అలా అయిదు మ్యాచ్‌లు పెట్టాను. మొత్తం యాభై గింజల్లో తప్పినవి రెండు.

తరవాత సూరన్నని పిలిచి కూర్చోబెట్టాను. పదికి ఆరు. అతనికి బంతి వెళ్ళే దారి కనపడుతుంది, మనుషులు కనపడరు. నేను పెడితే మూడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పోలమ్మా?” అని అడిగాను.

“ఏటి సెప్పాల? అందరికీ కనబడతాది కదా అనుకున్నాను” అంది. నిజంగానే అలా అనుకుంటోంది. “మనుసులు ఎటు పోదారనుకుంటారో ఆల బుజాలే సెప్పీస్తాయి. పిల్లల్ని ఆడించినదాన్ని కదా. బడిలో నలబై మంది ఒకే పాలి లగెత్తితే, గుద్దుకునే ఇద్దర్నీ ముందే పట్టుకోవాల.”

ఇంత తెలివి ఈ కోర్టు మీద ఎవరికీ లేదు. ఉందని రాయాల్సిన వాణ్ణి నేను. రాసింది ఖాళీ.

సీజన్, 94వ రోజు

నాలుగు రోజులు మథనపడ్డాను. ఎవరికీ చెప్పకుండా గుర్తులు మార్చేయొచ్చు, తాళం నా దగ్గరే ఉంది. కానీ ఇష్టమైన మనిషి కోసం చాటుగా మారిస్తే అది దిద్దుబాటు కాదు, దొంగతనం. ఇంకో సంగతి, పోలమ్మ లెక్కలో పైకి వెళ్తే పదకొండుకి జారేది చామంతి. ఆ పిల్ల అంకెల్లో సగం పోలమ్మవే.

చివరికి ఇవాళ ఉదయం దమయంతి గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఆటల కమిటీకి పెద్ద. రాజమండ్రి మనిషి. ముప్ఫై ఏళ్ళు ఈల ఊదినావిడ. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఏవండీ గవర్రాజు గారూ, పద్నాలుగేళ్ళకా చెప్పడం?”

“ఇప్పుడే తెలిసిందండి.”

“ఆవిడంటే మీకిష్టమని ఊరంతా తెలుసండి. అందుకే చెబుతున్నారనుకుంటారు మరి.”

ఊరంతా తెలుసట! చెవులు వేడెక్కాయి. “అందుకేనండి, లెక్క నా చేతిలో ఉంచొద్దు” అన్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. గుర్తులు తప్పాయని తేలాక పాత సీజన్లన్నీ మళ్ళీ చూడాలి. ఆ పని నేనొక్కణ్ణీ చేయడానికి వీల్లేదు. కోర్టు తెలిసిన మనిషిని ఒకర్ని నా మీద పెడతారు, వాళ్ళు ఒప్పుకుంటేనే ఏ గుర్తయినా నిలుస్తుంది. “జాబితాలో పేరున్నవాళ్ళు ఆ పనికి పనికిరారు, అది మీకు తెలుసుగా. ఎవరో ఒకర్ని వెతుకుదాం. కానీ అదంతా అయ్యేసరికి ఏడాది పడుతుందండి. ఈ ఏటి జాబితాకి మీ చింతగింజలే పరీక్ష. 110వ రోజున అందరి ముందూ పెడదాం. పదో చోటు కోసం ఆ ఇద్దరూ కూర్చుంటారు. ఎవరికెక్కువ వస్తే వాళ్ళుంటారు.”

పోలమ్మకి యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. చామంతికి ఎన్నొస్తాయి? పోలమ్మ ఉండిపోతుంది. పద్నాలుగేళ్ళ నా పేరు పోతే పోయింది.

సీజన్, 95వ రోజు

పోలమ్మకి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను, నా మీద మనిషిని పెడతారన్న సంగతితో సహా. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. పప్పు కలుపుతున్న చేయి ఆగిపోయింది.

“అయితే ఆ గుంట ఎల్లిపోవాలేటి?”

“ఎవరో ఒకరు వెళ్ళాలిగా.”

“అది ఎగిరితే సూడు గవర్రాజు బాబూ, ఎలాగుంటాదో. ఇంకో రెండేళ్ళు పక్కన నిలబడి నేర్పితే దానికీ కనబడతాయి అన్నీ.” తరవాత ఏదో ఆలోచనలో పడింది. కోర్టులో బూటు తాడు చూసుకునేటప్పుడు కూడా మొహం ఇలాగే ఉంటుంది. నేను గమనించి ఉండాల్సింది.

సీజన్, 103వ రోజు

పరీక్షకి చదివించినట్టు చామంతికి కూడా గింజలు పెట్టి నేర్పుతోంది పోలమ్మ, అదీ నా బల్ల మీదే! “బుజం సూడే, బంతిని కాదు. బంతెక్కడికీ పోదు, కిందికే వస్తాది” అంటోంది. ఆ పిల్లకి మొదట నాలుగు వచ్చేవి, ఇవాళ ఆరు. నాకు ఒళ్ళు మండింది. ఎదుటివాళ్ళకి దారి చూపించడం కోర్టు మీద బాగానే ఉంటుంది, ఓడ వస్తున్నప్పుడు కూడానా?

“నీకు కొంచెమైనా భయం లేదా?” అని అడిగాను.

“ఉంది” అంది పోలమ్మ. గింజలు ఏరి మళ్ళీ ఆ పిల్ల ముందు పెట్టింది.

సీజన్, 110వ రోజు

అయిపోయింది.

భోజనశాలలో బల్లలు కలిపి కోర్టు గీశారు. ఇక్కడి గనుల్లో పనిచేసేవాళ్ళంతా షిఫ్టు దిగి హెల్మెట్లతోనే వచ్చి నిలబడ్డారు. దమయంతి గారు ఈల మెడలో వేసుకుని మరీ కూర్చున్నారు. మూడు మ్యాచ్‌లు, ముప్ఫై గింజలు.

చామంతి పెదవి కొరుక్కుంటూ పెట్టింది. ఇరవై ఒకటి సరిగ్గా పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు.

పోలమ్మ కూర్చుంది. మొదటి మ్యాచ్‌లో పదికి పది. రెండోదాంట్లో ఆరు. మూడోదాంట్లో నాలుగు. మొత్తం ఇరవై. ఒక్క గింజ తక్కువ.

మూడో మ్యాచ్‌లో ఆమె సూరన్న గింజని కుడిమూల పెట్టింది. సూరన్న పుట్టాక ఎప్పుడూ కుడిమూలకి వెళ్ళి ఎరగడు. చిన్నపిల్లకైనా తెలుసు ఆ సంగతి. గింజ పెట్టే ముందు ఆ చేయి సరైన చోటు మీదే ఒక్క క్షణం ఆగింది. తరవాత పక్కకి జరిగింది.

దమయంతి గారు కూడా చూశారు. ముప్ఫై ఏళ్ళు ఈల ఊదిన మనిషి, కావాలని వదిలిన బంతి తెలియదా? నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, “చామంతి, ఇరవై ఒకటి” అని చదివారు.

చామంతి ఏడుస్తూ పోలమ్మని వాటేసుకుంది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా గదికొచ్చి తలుపేసుకున్నాను. పోలమ్మ వచ్చి తలుపు తట్టింది, తీయలేదు. కోపం ఆమె మీదో నా మీదో తెలియదు. నాకోసమైనా ఆ గింజ సరిగ్గా పెట్టొచ్చు కదా. మూడేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నవాడికి ఆ మాట అనే హక్కు ఎక్కడిది?

సీజన్, 112వ రోజు

ఉదయం పంతులు జాబితా చదివాడు. సూరన్న మొదట, చామంతి పది. పోలమ్మ పేరు లేదు. రేపు ఓడ.

నేను వెళ్ళలేదు వినడానికి. గదిలోనే కూర్చున్నాను. పదింటికి దమయంతి గారు తలుపు కొట్టి, ఒక కాగితం నా బల్ల మీద పెట్టారు.

“మీ మీద మనిషిని పెడతామన్నాంగా, దొరికారండి. కమిటీ ఒప్పుకుంది. ఇవాళ్టి నించీ మీ గుర్తులన్నీ ఆవిడ చూస్తారు. ఆవిడ చెప్పినట్టు నడుచుకోండి మరి.”

కాగితం మీద ఇంటిపేరుతో సహా రాసిన పేరు చదివాను. గుడివాడ పోలమ్మ. అర్జీ పెట్టిన తేదీ చూశాను. 96వ రోజు. పరీక్షకి పద్నాలుగు రోజుల ముందు. జాబితాలో పేరున్నవాళ్ళు ఆ పనికి పనికిరారు.

తల ఎత్తేసరికి దమయంతి గారు లేరు. గుమ్మంలో పోలమ్మ ఉంది, చేతిలో పప్పు గిన్నెతో. ఆటగాళ్ళ నీలం చొక్కా కాదు, నాలాంటి బూడిదరంగు చొక్కా వేసుకుంది. కొంచెం పెద్దదైంది ఆమెకి.

“ఓడ రేపు కదా” అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట ఇంకోటి దొరకలేదు.

“ఎవుల్ని ఎక్కించుకుంటాదో అది? నాకు ఉజ్జోగం ఉంది ఇక్కడ” అంది. వచ్చి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. “ఆ గుంటకి చోటు గావాల. నాకూ గావాల. పదకొండు మందికి పది చోట్లంటే, ఇంకో చోటు ఎక్కడుందో ఎతకాల గాని కొట్టుకుంటే ఎలాగ? మీరు ఎల్లి తప్పు ఒప్పుకున్నారు కాబట్టి ఆ చోటు ఏర్పడింది. లేపోతే ఉండునా?”

“నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా! రెండు రోజులు చచ్చి బతికాను.”

“సెప్తే మీ మొగంలో కనబడిపోద్ది. మీ మొగం అద్దం బాబూ. కమిటీ అంతా సదివీసుందురు.”

నాకు నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. రెండూ కలిసి వస్తే మొహం ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు తెలుసు. ఆమె చూడనట్టు గిన్నె మూత తీసింది. కాసేపటికి, నా వైపు చూడకుండానే అంది:

“కోర్టు మీద పదిమంది ఎటు పోతారో నాకు తెలుస్తాది. పరీచ్చలో ఏటవుతాదో తెలుసు, కమిటీ ఏటంటాదో తెలుసు. ఈ మూడేళ్ళ బట్టీ తెలీనిది ఒక్క మనిసే. నోరిప్పుతాడా, పప్పు తినీసి సెయ్యి కడుక్కుంటాడా అని రోజూ సూస్తన్నాను. రోజూ సెయ్యి కడుక్కుంటన్నాడు.”

గోడలో పంతులు సన్నగా గుయ్యిమంటున్నాడు. బయట ఎవరో జల్లెడలు దులుపుతున్నారు. ఎగిరాక మనసు మార్చుకోవడం ఉండదని రాసినవాణ్ణి నేనే. అయినా అంత భయం నాకు ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చిన రోజున కూడా వేయలేదు.

“పోలమ్మా, నువ్వంటే నాకు ప్రాణం. నాతో ఉండిపో” అన్నాను.

ఆమె చేయి గిన్నె అంచు మీద ఆగిపోయింది. ఆరేళ్ళలో మొదటిసారి, ముందుగా తెలియనిదేదో జరిగినట్టు నా వంక చూసింది.

“ఇంకో పాలి సెప్పండి” అంది.

చెప్పాను.